దుగ్గిరాల తోడు

"అమ్మాయ్! మీ పాచి మళ్ళీ చచ్చింది!"

శనివారం పొద్దున్నే, ఇంకా డికాక్షనైనా దిగకముందే, అత్తగారు బసవపూర్ణమ్మ పెట్టిన కేకతో లిఖితకి తెల్లవారింది. జుట్టు ముడేసుకుంటూ ముందుగదిలోకి పరుగెత్తింది. మూల స్టూలు మీద టేకు పెట్టె గుర్రుమంటూ తిరుగుతూనే ఉంది. మూత తీసి చూస్తే ఏముంది? నిన్న చిలకపచ్చగా ఉన్న పలక కాస్తా ఇవాళ తడిసిన అట్టముక్కలా వేలాడుతోంది. వాసన చూసింది. పుల్లగా ఉంది. ఇంక సందేహం లేదు, పోయింది. నెల తిరక్కుండా ఇది మూడోది.

"పాచి కాదత్తయ్యా, జీవపలక," అంది లిఖిత ఏడుపు దిగమింగుకుని.

"ఏదో ఒకటిలే. పోయినదాన్ని ఏ పేరెట్టి పిలిస్తే పలుకుద్ది?"

ఈ కథ జరగడానికి ఇంకా ఓ ఇరవై ఏళ్ళుంది. అప్పటికి గుంటూరులో లారీలన్నీ కరెంటువైపోయాయి, పొగ అనే మాట పిల్లలు పుస్తకాల్లో చదువుకుంటున్నారు. మిరప ఘాటు మాత్రం తాతలనాటిదే, పిసరంత తగ్గలేదు. మాఘం వచ్చిందంటే యార్డులో బస్తాలు దిగుతాయి, ఊరు ఊరంతా తుమ్ముతుంది. యార్డుకి మూడు వీధుల అవతల కాపురం చేసేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. బజార్లో దొరికే గాలి యంత్రాల ఫిల్టర్లు ఆ ఘాటుకి నెలరోజుల్లో మూసుకుపోయేవి. అందుకే లిఖిత, ఊరి చివర ఉన్న ఓ చిన్న ల్యాబులో ఆరేళ్ళు కూర్చుని, కొబ్బరిపీచు మీద ఒక జాతి నాచుకీ ఒక జాతి బూజుకీ కాపురం పెట్టించి ఈ పలకని పెంచింది. మామూలు ఫిల్టరు దుమ్ముని పట్టుకుంటుంది, అంతే. ఇది పట్టుకున్నదాన్ని తిని బతుకుతుంది. పదహారు నెలలకి ముసలిదై గోధుమరంగుకి తిరుగుతుంది. అప్పుడు దాన్ని తీసి కొత్తది పెట్టుకోవాలి.

పన్నెండిళ్ళలో పరీక్షకి పెట్టారు. ఒక ఇంట్లో పాడైంది, అది లెక్కలోంచి తీసేశారు. పది ఇళ్ళలో కొత్త పలకలు హాయిగా పనిచేస్తున్నాయి. పనిచేయనిదల్లా కనిపెట్టిన మనిషి ఇంట్లోనే. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని వీధిలో వాళ్ళు నవ్వుకున్నారంటే నవ్వుకోరా మరి!

లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. దాని వెనకే ఒక సన్నాయి స్వరం, సన్నగా లేచి, వణికి, తెగిపోయింది.

లిఖిత మామగారు వీరరాఘవులు నలభై ఏళ్ళు ఆ జిల్లాలో పెళ్ళిళ్ళకి సన్నాయి ఊదిన మనిషి. ముక్కుతో గాలి పీల్చి బుగ్గల్లో దాచుకుని, జనానికి తెలియకుండా స్వరం సాగదీసే విద్య ఒకటుంది. ఆయనకి అదంటే పడదు, దొంగ ఊపిరి అంటాడు. ఆయన ఊపిరికో కొలత ఉంది. పొద్దున్నే భార్య వాకిట్లో ముగ్గు మొదలుపెట్టగానే షడ్జం పట్టుకుంటాడు. ఆమె ఏడు చుక్కల ముగ్గు పూర్తిచేసి నడుం ఎత్తేదాకా వదలడు. బసవపూర్ణమ్మ చెయ్యి యంత్రంతో సమానం, కనురెప్ప వేసేలోపు నాలుగు గీతలు గీసేస్తుంది. అయినా ముగ్గు ముగ్గే. మిరప దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై మూడేళ్ళ కిందట ఆ స్వరం చుక్కలు పెట్టేలోపే ఆగిపోయేది. కోడలి పెట్టె వచ్చాక మళ్ళీ ముగ్గంతా నిలబడింది. ఇప్పుడు పాత పలక ముసలిదై పోయింది, కొత్తవి వరసగా చస్తున్నాయి, స్వరం మళ్ళీ చుక్కల దగ్గరే తెగుతోంది.

అదీ ఎప్పుడు? సరిగ్గా అంకారావు షష్టిపూర్తి ముందు.

అంకారావు ఆయన జోడు డోలు. ఉండేది దుగ్గిరాల. వరసకి బావ కాకపోయినా బావా అనే పిలుచుకుంటారు. ముప్పయ్యారేళ్ళ కిందట అంకారావు పెళ్ళిలో ఒక ఘోరం జరిగింది. డోలు వాయించాల్సినవాడే పెళ్ళికొడుకైపోతే ఇంకెవరు వాయిస్తారు? ఎవరో అరువు మనిషిని తెచ్చారు. వాడు పంతులుగారు తుమ్మితే అదే సైగ అనుకుని, తాళిబొట్టు ఇంకా పళ్ళెంలో ఉండగానే గట్టిమేళం మోగించేశాడు. తాళి కట్టేసరికి మేళం అయిపోయి అంతా అక్షింతలు దులుపుకుంటున్నారు. "మేళం లేని తాళి నాది" అని అంకారావు భార్య దుర్గాంబ ముప్పయ్యారేళ్ళుగా దెప్పుతూనే ఉంది.

అందుకని అంకారావు ఓ పథకం వేశాడు. షష్టిపూర్తికి మళ్ళీ తాళి కట్టాలి కదా. మూడు ముళ్ళూ వేసి, పీటల మీంచి లేచి, డోలు భుజాన తగిలించుకుని తన పెళ్ళికి గట్టిమేళం తనే వాయిస్తాడు. మొదటి ముడి నుంచి డోలు మీద మొదటి దెబ్బ పడేదాకా మంగళధ్వని తెగకూడదు. అంటే రాఘవులు ఒక్క ఊపిరితో షడ్జం పట్టుకుని నిలబడాలి. "మన బావ ముగ్గు ఊపిరుందిగా, సరిపోద్ది," అని అంకారావు ఊరంతా చెప్పుకున్నాడు.

ముహూర్తం ఇక పదిహేను రోజులు.

*

ల్యాబు పెద్ద ప్రభుదాసుగారు చచ్చిన మూడు పలకల్నీ వరసగా పళ్ళాల్లో పెట్టుకుని కూర్చున్నారు. మెత్తని మనిషి. కోపం వస్తే కళ్ళజోడు తుడుచుకోవడం తప్ప ఇంకేం చేయరు. ఆ రోజు నాలుగుసార్లు తుడుచుకున్నారు.

"బెంగుళూరు కంపెనీ వాళ్ళు పై బుధవారం వస్తున్నారమ్మా. కవరు చింపి పెట్టుకుంటే చాలు, లక్ష ఇళ్ళకి ఒకే పలక సరిపోతుందని మనం రాసిచ్చాం. మన కొత్త బిల్డింగు దాని మీదే ఆధారపడి ఉంది. నీ ఇంట్లోనే నిలబడకపోతే వాళ్ళకేం చెప్పను?"

లిఖిత తేదీలు రాసింది. మొదటిది సోమవారం పెట్టింది, రెండోది బుధవారం, మూడోది గురువారం. చచ్చిన రోజుల వరసలోకి వచ్చేసరికి పెన్ను ఆగింది. శనివారం, శనివారం, శనివారం.

"శనివారం ఏమవుద్దమ్మా మీ ఇంట్లో?"

"ఏమీ అవదు సార్. ఉప్మా అవుద్ది."

ఇద్దరూ నవ్వారు గానీ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. వేసిన పంటలో ఇక మిగిలింది ఒక్క పలక. కొత్త పంటకి ఆరు వారాలు పడుతుంది.

సాయంత్రం ఇంటికొచ్చి అందర్నీ నిలబెట్టి అడిగింది. అందరూ అంటే ఇద్దరే. ఆమె భర్త కిశోర్ విశాఖ రేవులో క్రేన్లు నడుపుతాడు, నెలకోసారి వస్తాడు.

"నిజం చెప్పండి. పెట్టెలో ఎవరైనా ఏమైనా వేశారా? అగరొత్తి, కర్పూరం, ఫినాయిలు?"

"నేనా? దాన్ని చూసేదే దణ్ణం పెట్టుకోటానికి," అన్నాడు రాఘవులు.

"నేనెందుకేస్తానమ్మా!" అంది బసవపూర్ణమ్మ నొచ్చుకుని. "నువ్వు ముట్టుకోవద్దన్నాక నేనేమన్నా చిన్నపిల్లనా?"

ఆ మాటలో అబద్ధం లేదు. లిఖితకి తెలుసు, అత్తగారికి అబద్ధం ఆడటం రాదు. అందుకే ఇంకా బెంగ పట్టుకుంది.

*

బుధవారం నాలుగో పలక పెట్టింది. రోజూ ఆరింటికే ల్యాబుకి పోయే మనిషి శుక్రవారం పోలేదు. శనివారానికి చచ్చేదానికి జరిగేదేదో ముందురోజే జరగాలి కదా. తెల్లారేసరికి ముందుగదిలో కుర్చీ వేసుకుని, పెట్టెకేసి కళ్ళప్పగించి కూర్చుంది. అయితే మనిషన్నాక కునుకు పట్టదా? పట్టింది.

కళ్ళు తెరిచేసరికి కిటికీలోంచి ఎండ పడుతోంది. బసవపూర్ణమ్మ తలస్నానం చేసి, తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో ఇత్తడి గిన్నెతో తిరుగుతోంది. గడపకి పసుపు రాసింది. బొట్టు పెట్టింది. మేకుకి తగిలించిన సన్నాయి పెట్టెకి రాసింది. ఆ తర్వాత చాలా మామూలుగా, దారిలో ఉన్న పనే అన్నట్టు, టేకు పెట్టె మూతెత్తి, మూడు వేళ్ళతో పలక నాలుగు అంచులకీ పసుపు పులిమి, నడుమ కుంకుమ బొట్టు పెట్టి, కళ్ళకద్దుకుంది.

"అత్తయ్యా!"

గిన్నె కిందపడి గది చివరికంటా దొర్లింది.

"ఏందమ్మాయ్ ఆ కేక! గుండె ఆగిపోయింది!"

"ఏమైనా వేశారా అని అడిగాను కదా!"

"నేనేం వెయ్యలేదే. పసుపు రాశాను."

"మరి పసుపు ఏమైనా కాదా?"

"పసుపు ఏమైనా ఎట్టా అవుద్ది?" బసవపూర్ణమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "పసుపు పసుపే కదా!"

లిఖిత ఆ కుర్చీలోనే కూలబడింది. మూడు వారాలుగా సూక్ష్మదర్శినిలో వెతికింది, యార్డు గాలిని సీసాల్లో పట్టుకెళ్ళి పరీక్షించింది, ఫ్యాను మోటారు విప్పింది. రాసిన పసుపూ కుంకుమా తెల్లారేసరికి ఆ తడి పలకలో ఇంకిపోయేవి, కంటికి ఆనేవి కావు. పసుపు గురించి అడగాలని ఆమెకీ తోచలేదు. తోస్తుందా? తనూ ఈ గాలిలో పెరిగిన పిల్లే. పొయ్యిలో నిప్పు ఉందా అని అడుగుతాం గానీ గడపకి పసుపు ఉందా అని ఎవరడుగుతారు?

"ఎప్పట్నుంచి రాస్తున్నారు?"

"పోయిన దసరా కాదు, ఆ ముందు దసరా. ఆయుధపూజకి సన్నాయికి పసుపూ గంధం పెట్టా. పక్కనే ఇదుంది. ఊదే సన్నాయికి పెట్టి, ఊపిరిచ్చేదానికి పెట్టకపోతే పాపం కాదూ? ఆ వారమే మీ మావయ్య నిండు ముగ్గు ఊపిరి పట్టాడు. ఇంక అప్పట్నుంచీ ప్రతి శుక్రవారం..."

లిఖితకి అంతా అర్థమైంది. పుండు మీద వేస్తే పసుపు చేసే పనే పలక మీదా చేసింది, సూక్ష్మజీవుల్ని చంపింది. పాత పలక గట్టిపడ్డాక కొంచెం కొంచెంగా తగిలింది గనుక అలవాటు చేసుకుని బతికింది. ల్యాబులో అద్దాల మధ్య పెరిగిన ఈ లేత పలకలు మొదటి శుక్రవారానికే చచ్చాయి. ఆ అలవాటున్న పాత పలకేమో, వాడినవి కాల్చేయాలన్న రూలు ప్రకారం, తన చేతులతోనే కాల్చేసింది.

ఈ సంగతి విన్న బసవపూర్ణమ్మ పసుపు చేతుల్ని చూసుకుంటూ గడప మీద కూర్చుంది.

"ఈ చేత్తోనే ఆయన ఊపిరి తీశానా అమ్మాయ్?" అంది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

లిఖితకి కోపం ఎటు పోయిందో తెలియలేదు. పోయి పక్కనే గడప మీద కూర్చుని అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఇద్దరి చేతులూ పసుపైపోయాయి. అంత బాధలోనూ ఆ పెద్దావిడ మీద ఆమెకి చెప్పలేనంత ప్రేమ కలిగింది.

"ఊపిరి తీసింది మీరొక్కరే కాదు, నేనూనూ. రాయొద్దని చెప్పనిది నేనే కదా."

శనివారం పొద్దున నాలుగో పలకా పోయింది. బసవపూర్ణమ్మ ఈసారి కేక పెట్టలేదు.

*

"అంకారావుకి చెప్పొద్దాం పదండి," అన్నాడు రాఘవులు. ముహూర్తం ఇక ఎనిమిది రోజులు. "ఇంకెవర్నైనా చూసుకుంటాడు. ఫోన్లో చెప్పే మాట కాదిది."

ముగ్గురూ దుగ్గిరాల బస్సెక్కారు. దారంతా ఆయన దగ్గుతూనే ఉన్నాడు. సన్నాయి వెంట తెచ్చుకోలేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు.

దుగ్గిరాలంటేనే పసుపు యార్డు. అంకారావు ఇల్లు పసుపు కొమ్ములు మెరుగుపెట్టే డ్రమ్ముల షెడ్డుకి ఆనుకునే ఉంటుంది. వీధి పసుపు, గోడలు పసుపు, వీధి కుక్కలు కూడా పచ్చగా మెరుస్తుంటాయి. అంకారావు గుమ్మంలోనే ఎదురొచ్చి కావిలించుకున్నాడు.

"రా బావా! పెళ్ళికొడుకుని చూడ్డానికొచ్చావా? ఎట్టున్నాను?"

"పెళ్ళికొడుకంట, పెళ్ళికొడుకు! మోకాళ్ళకి నూనె రాసి రాసి నా చేతులు అరిగిపోతన్నాయన్నయ్యా," అంటూ దుర్గాంబ మంచినీళ్ళు తెచ్చింది.

చెప్పాల్సిన మాట రాఘవులు గొంతులోనే ఉండిపోయింది. అంత సంతోషంలో ఉన్నవాడికి ఎలా చెప్తాడు? పాత కబుర్లలోకి జారాడు. పంతులుగారి తుమ్ము కథ మళ్ళీ మొదలుపెట్టాడు. తుమ్మెలా తుమ్మారో, అరువు డోలువాడు ఎలా ఉలిక్కిపడ్డాడో, అభినయంతో సహా చెప్తున్నాడు. దుర్గాంబ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వులో అందరూ కలిశారు, లిఖిత తప్ప.

లిఖిత గోడగడియారం చూస్తోంది.

"మావయ్యా, మీరు దగ్గి ఎంతసేపైంది?"

రాఘవులు ఆగాడు. ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. "ఏమో. వచ్చి కూర్చున్నాక దగ్గినట్టు లేదే."

"ఇంటి పక్కన పసుపు డ్రమ్ములు తిరుగుతుంటే, ముప్పావుగంట! బాబాయ్, నేను పరీక్షకిచ్చిన పెట్టె ఏం చేశారు?"

అంకారావు ముఖం తప్పుచేసినవాడిలా అయిపోయింది. "పారేశానమ్మాయ్. అంటే... పారేద్దామనే అనుకున్నా. మీరు పారేయమన్నారని మీ పిన్నికి చెప్పాను కూడా."

"పారేయబుద్ధి కాలేదమ్మా," అంది దుర్గాంబ. "ఇంట్లో తిరిగేదాన్ని ఎట్టా పారేస్తాం? తలుపెనక పెట్టి ఊరుకున్నా."

తలుపు వెనక, పాత దుప్పటి కింద, టేకు పెట్టె గుర్రుమంటోంది. లిఖిత మూతెత్తింది. లోపల పలక, ముసలిదయ్యే వయసు దాటినా, గుమ్మడిపువ్వంత పచ్చగా, మందంగా, నిగనిగలాడుతూ ఉంది. పద్నాలుగు నెలల కిందట దీని ఫొటో చూసే, 'రంగు మారింది, పాడైంది, తీసి పారేయండి' అని మెసేజి పంపారు. ఆ మెసేజి కింద పేరు తనదే. ఆకుపచ్చగా లేనిది బతికున్నట్టు కాదని ఎవరు చెప్పారు తనకి? ఎవరూ చెప్పలేదు, తనే అనుకుంది.

"ఇది పసుపు తిని బతుకుతోంది," అంది. "మన ఇంటికి కావాల్సింది ఇదే. కానీ ఇదొక్కటే ఉంది. దీని గింజలు తీసి కొత్తవి పెంచాలంటే ఆరు వారాలు."

"గింజలెందుకమ్మాయ్?" అంది బసవపూర్ణమ్మ. శుక్రవారం నుంచి నోరు విప్పని మనిషి. "పాకెట్టు పెరుగుతో పాలు తోడుకోకపోతే ఏం చేస్తాం? గిన్నె పట్టుకుని పక్కింటికెళ్ళి ఒక గరిటెడు తోడు తెచ్చుకుంటాం. అదీ మనలాగా వండుకునే ఇంటి నుంచే తెచ్చుకుంటాం. ఇక్కణ్ణించి ఒక ముక్క కోసుకెళ్ళి మన పెట్టెలో పీచు మీద పరిస్తే పాకదూ?"

బతికున్న పలకని కోయకూడదు, చెయ్యి తగలకూడదు, ల్యాబు దాటి తీసుకుపోకూడదు. ఈ మూడూ లిఖిత తన చేత్తో రాసిన రూళ్ళే. ప్రభుదాసుగారికి ఫోను చేసి చెప్పింది. అవతల ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నారని తెలుస్తూనే ఉంది.

"కత్తి మరిగే నీళ్ళలో పెట్టి మరీ కొయ్యమ్మా," అన్నారు చివరికి. "మా అమ్మ కూడా తోడు అడక్కుండా ఏ ఇంటి నుంచీ వచ్చేది కాదు."

లిఖిత కత్తి పట్టుకుని కూడా ఆగింది. "సగం తీస్తే మీ గదిలో ఇరవై రోజులు గాలి సగమే శుభ్రపడుద్ది బాబాయ్. షష్టిపూర్తి టైముకి మీకే దగ్గు రావచ్చు."

"నేను డోలు చేత్తో వాయిస్తానమ్మాయ్, ఊపిరితో కాదు. కొయ్యి!" అన్నాడు అంకారావు.

*

టిఫిను డబ్బాలో, తడిగుడ్డ మధ్య, బసవపూర్ణమ్మ ఒళ్ళో కూర్చుని దుగ్గిరాల తోడు గుంటూరు చేరింది. ఆదివారం పొద్దున స్వరం చుక్కల దగ్గరే తెగింది. మంగళవారానికి ముక్క అంచుల నుంచి సన్నటి పచ్చటి నూగు పీచు మీదకి పాకింది. బుధవారం రెండు గీతలదాకా వచ్చింది ఊపిరి.

ఆ బుధవారమే బెంగుళూరు వాళ్ళొచ్చారు. ప్రభుదాసుగారు వాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఒకే పలక లక్ష ఇళ్ళకి సరిపోదు, ఏ ఇంటి గాలికి ఆ ఇంటి పలకే పెరగాలి, అది ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేతులు మారుతూ పోవాలి తప్ప కవర్లో అమ్మేది కాదు అని. వాళ్ళు కాఫీ తాగి, మర్యాదగా నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. కొత్త బిల్డింగూ వాళ్ళతోనే వెళ్ళిపోయింది. ఆరేళ్ళ కష్టం అలా గేటు దాటిపోతుంటే లిఖితకి ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా.

"ఏడవకమ్మా," అన్నారు ప్రభుదాసుగారు. "మా ఇంట్లో సాంబ్రాణి ఎక్కువ. మాకు ఎవరింటి ముక్క పడుద్దో అది చెప్పు ముందు."

శుక్రవారం వచ్చింది. బసవపూర్ణమ్మ తలస్నానం చేసి, గడపకి పసుపు రాసి, సన్నాయి పెట్టెకి రాసి, టేకు పెట్టె దగ్గరికి రాగానే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. లిఖిత ఇత్తడి గిన్నె తీసి ఆమె చేతికిచ్చింది.

"రాయండి."

"నీకేమన్నా పిచ్చా?"

"దానికదే మేతత్తయ్యా. వారంనుంచి ఇక్కడ దానికి పస్తు. రాయండి."

దేవుడికి దణ్ణం పెట్టుకుని రాసింది. ఇక ఆ రోజంతా ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. శనివారం తెల్లారగానే ముగ్గురూ పెట్టె చుట్టూ చేరారు. మూతెత్తే ధైర్యం ఎవరికీ లేదు. చివరికి రాఘవులే ఎత్తాడు.

రాసినచోటల్లా పలక మందంగా, బంగారంలా, మెరుస్తూ లేచి ఉంది.

బసవపూర్ణమ్మ చేసిన మొదటి పని కోడలి రెండు బుగ్గలూ పుణికి ముద్దుపెట్టుకోవడం. రెండో పని ముగ్గు డబ్బా పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తడం. ఆ రోజు స్వరం ఆఖరి గీత ముందుదాకా నిలబడింది.

*

ఆదివారం దుగ్గిరాలలో షష్టిపూర్తి. పందిరి నిండా జనం. జనం మధ్యలో ప్రభుదాసుగారు స్టీలు డబ్బా ఒకటి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, ఎవరైనా అడిగితే "తోడుకి" అంటున్నారు. పీటల మీద అంకారావు రెండుసార్లు దగ్గి, రెండుసార్లూ నవ్వి కప్పిపుచ్చుకున్నాడు. డోలు పది అడుగుల దూరంలో, స్తంభం దగ్గర, పట్టీ విప్పి సిద్ధంగా ఉంది.

పంతులుగారు చెయ్యెత్తారు. రాఘవులు షడ్జం పట్టుకున్నాడు.

మొదటి ముడి. రెండో ముడి. మూడో ముడి. లిఖిత మనసులో ముగ్గు గీస్తోంది, ఇంకా నాలుగు గీతలు మిగిలున్నాయి, చాలు, సరిపోతుంది. అంకారావు కుర్రాడిలా ఎగిరి లేచాడు, ఒక్కడుగు వేశాడు, వెనక్కి గుంజినట్టు ఆగిపోయాడు.

కొంగుముడి! పొద్దున హోమానికని అతని కండువాకీ దుర్గాంబ కొంగుకీ వేసిన ముడి అలాగే ఉంది. ఆ సంగతి ఒక్కరికీ, అంటే ఒక్కరికీ తట్టలేదు.

"విప్పకూడదు, విప్పకూడదు!" అని పంతులుగారు రెండు చేతులూ అడ్డం పెట్టారు.

"మరి లేవవే!" అన్నాడు అంకారావు.

"మోకాళ్ళయ్యా!" అంది దుర్గాంబ.

ఇద్దరు ఆడవాళ్ళు చంకల్లో చేతులేసి ఆమెని లేపారు. లిఖిత గీసే ముగ్గు అయిపోయింది. స్వరం ఆగలేదు. మొగుడు ముందూ పెళ్ళాం వెనకా, కొంగు లాక్కుంటూ, నవ్వుతూ, మోకాళ్ళు పట్టుకుంటూ వాళ్ళు పది అడుగులు నడుస్తున్నారు. రాఘవులు మెడనరాలు పొంగాయి, ముఖం ఎర్రబడింది. బుగ్గల్లో గాలి దాచుకుంటే ఎవరికీ తెలియదు. ఆయన దాచుకోలేదు. బసవపూర్ణమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. అంకారావు డోలెత్తాడు. పట్టీ తలలోంచి దూర్చబోతే కండువాలో చిక్కుకుంది. దుర్గాంబ తనే చెయ్యి చాచి చిక్కు తీసి, పట్టీ భుజానికి సర్దింది.

దెబ్బ పడింది.

అబ్బ, ఏం గట్టిమేళం అది! పందిరి అదిరింది, షెడ్డులో డ్రమ్ములు ఆపి మరీ పనివాళ్ళు పరుగెత్తుకొచ్చారు, అక్షింతలు వానలా కురిశాయి. ముప్పయ్యారేళ్ళు ఆలస్యంగా వచ్చిన మేళాన్ని, మొగుడి పక్కనే కొంగుముడితో నిలబడి, దుర్గాంబ కళ్ళు మూసుకుని విన్నది. రాఘవులు సన్నాయి దింపి నిండుగా ఒక ఊపిరి తీసుకున్నాడు. దగ్గు రాలేదు. లిఖితకేసి చూసి తలూపాడు. ఆమెకి బిల్డింగు గుర్తుకే రాలేదు.

సాయంత్రం బయల్దేరేటప్పుడు గుమ్మంలో తాంబూలాల వరస కన్నా తలుపు వెనక పెట్టె దగ్గర వరస పెద్దదైంది. "తల్లి పలక కోలుకోవాలమ్మా, నెల తర్వాత రండి, అందరికీ ఇస్తా," అని దుర్గాంబ పేర్లు రాసుకుంటోంది. మొదటి పేరు ప్రభుదాసుగారిది.

మర్నాడు తెల్లవారాక గుంటూరులో బసవపూర్ణమ్మ వాకిలి చల్లింది. లోపల సన్నాయి అందుకుంది. ఏడు చుక్కల ముగ్గు అయిపోయింది, స్వరం ఆగలేదు. ఆవిడకి పంతం వచ్చి పక్కన పదకొండు చుక్కలు పెట్టింది. లిఖిత కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. ఆ ముగ్గు పక్కన పద్మం, పద్మం చుట్టూ తీగ, తీగకి మొగ్గలు, గీత గేటుదాకా వచ్చేసింది.

"ఇంక ఆపవయ్యా మహానుభావా!" అని కేక పెట్టింది బసవపూర్ణమ్మ. "పిండి అయిపోయింది!"